కండ కంచంలోనా, డబ్బాలోనా?

సింగపూర్‌లో ఉండే తెలుగు కుటుంబం సెలవుకి ఊరెళుతోందంటే అటు నుంచి వచ్చే కోరికల చిట్టా ఒకప్పుడు అందరికీ తెలిసిందే. తలనొప్పి తైలం, చాక్లెట్లు, సెంటు సీసా, వీలైతే కొత్త ఫోను. ఇప్పుడు వాటి పక్కన ఇంకొకటి చేరింది. “బావా, వచ్చేటప్పుడు ముస్తఫాలో ఓ ప్రొటీన్ డబ్బా తీసుకురా. ఇక్కడ ఏది అసలో, ఏది నకిలీయో తెలిసి చావట్లేదు” అని విజయవాడ నుంచో, కరీంనగర్ నుంచో బావమరిది ఫోను. ఐదు పౌన్ల డబ్బా అంటే రెండుంపావు కిలోల పైమాటే. పెట్టె సర్దే అక్క గొణుక్కుంటుంది. అయినా డబ్బా పెట్టెలోకి చేరుతూనే ఉంది.

నకిలీ భయం నిజమైనదే, దాని సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. అసలు ఆ డబ్బా అవసరం ఎంతమందికి? ఊళ్లో ఉన్న బావమరిదికే కాదు, సింగపూర్‌లో ఉన్న బావకైనా?

ఈ ప్రశ్న అడగడానికి సింగపూర్ కంటే మంచి చోటు దొరకడం కష్టం. ఇక్కడ కసరత్తు డబ్బున్నవాళ్ల సరదా కాదు. స్పోర్ట్ సింగపూర్ అనే ప్రభుత్వ సంస్థ 2014లో యాక్టివ్ ఎస్‌జీ పేరిట మొదలుపెట్టిన కార్యక్రమం కింద పేటపేటకీ జిమ్‌లున్నాయి. పెద్దలు ఒకసారి లోపలికి వెళ్లడానికి రెండున్నర డాలర్లు చాలు. అదీ వద్దనుకుంటే ప్రభుత్వ గృహ సముదాయాల కిందనే ఇనుప కమ్మీలు, వ్యాయామ పరికరాలు ఎదురుచూస్తుంటాయి. సెంగ్‌కాంగ్, పుంగోల్, తాంపినీస్, జురోంగ్ ప్రాంతాల్లో సాయంత్రం ఏడు దాటాక ఆ జిమ్‌లలోకి తొంగి చూస్తే మన మాటలు వినిపిస్తాయి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, పాలిటెక్నిక్ విద్యార్థులు, నలభై దాటాక రక్తపరీక్ష చూసుకుని ఉలిక్కిపడి వచ్చిన నాన్నలు. సంచీలో తువ్వాలు, నీళ్ల సీసా, ప్రొటీన్ పొడి కలుపుకునే షేకరు. ఆ షేకరు లేకపోతే చేసిన కసరత్తంతా వృథా అయిపోతుందన్న నమ్మకం చాలామందిలో గట్టిగా ఉంది.

ఆ నమ్మకాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలున్నారు. లెక్కలు కూడా ఉన్నాయి.

మూడు వందల గ్రాముల తేడా

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ ఫిలిప్స్ బృందం 2018లో ఒక పెద్ద పని చేసింది. బరువులెత్తేవాళ్లకు అదనంగా ప్రొటీన్ ఇచ్చి చూసిన 49 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 1,863 మంది వివరాలను ఒకచోట చేర్చి లెక్క కట్టింది. ఒక్కో ప్రయోగమూ కనీసం ఆరు వారాలు సాగింది. కసరత్తు ఒక్కటే చేసినవాళ్లకు సగటున కిలో పైన కొవ్వు కాని బరువు, అంటే ప్రధానంగా కండ, పెరిగింది. ప్రొటీన్ అదనంగా తీసుకున్నవాళ్లకు దాని మీద మరో 300 గ్రాములు. ఎత్తగలిగే గరిష్ఠ బరువు విషయంలో కసరత్తు తెచ్చిన పెరుగుదల సుమారు 27 కిలోలైతే ప్రొటీన్ కలిపింది రెండున్నర కిలోలు.

అంటే ప్రొటీన్ పనిచేస్తుంది. కానీ పనిలో సింహభాగం ఇనుముదే.

అదే అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. రోజుకు శరీర బరువులో కిలోకి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ అందుతుంటే చాలు, సగటున ఆ పైన వేసిన దానివల్ల అదనపు కండ పెద్దగా రావడం లేదు. కసరత్తు చేయని మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు చేసింది కిలోకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు దానికి రెట్టింపు అనుకుంటే లెక్క సులువు. డెబ్బై కిలోల మనిషికి రోజుకి 112 గ్రాములు. దీనిలో ఎక్కడా ‘పొడి రూపంలో’ అన్న షరతు లేదు. ఆ 112 గ్రాములు కోడిగుడ్డులో ఉన్నా, పెసరట్టులో ఉన్నా, చేపపులుసులో ఉన్నా కండరం అడ్డుచెప్పదు.

మరి బరువు కింద పెట్టిన అరగంటలో షేకరు ఎత్తకపోతే లాభం పోతుందన్న మాట? 2013లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్, అలాన్ ఆరగాన్, జేమ్స్ క్రీగర్ ఆ వాదం మీద జరిగిన ప్రయోగాలన్నీ తిరగేశారు. రోజు మొత్తం మీద అందిన ప్రొటీన్‌ను లెక్కలోకి తీసుకున్నాక ఆ అరగంట ప్రత్యేకత మాయమైపోయింది. జిమ్ నుంచి ఇంటికొచ్చి, స్నానం చేసి, పెరుగన్నంతో పాటు రెండు గుడ్లు తినడానికి బోలెడంత టైముంది.

తెలుగు కంచంలో లోటు

ఇంతవరకూ చదివి ‘అయితే మన భోజనమే చాలన్నమాట’ అని నిశ్చింతగా ఉండటం కుదరదు. మన భోజనం యథాతథంగా చాలదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి.

సముద్రం దాటినా మన కంచం మారలేదు. పొద్దున రెండు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, వంకాయ కూర, పలచటి పప్పు, పెరుగు. రాత్రి మళ్లీ అన్నమో, రెండు చపాతీలో. రెండు ఇడ్లీల్లో ప్రొటీన్ నాలుగు గ్రాముల ప్రాంతం. చిన్న గిన్నెడు ఉడికిన పప్పులో ఆరేడు. కప్పు పెరుగులో నాలుగైదు. అన్నం, చపాతీలు కలిపి ఇంకో పదిహేను. రోజంతా కూడినా శాకాహారికి నలభై, నలభై అయిదు దాటడం కష్టం. ఆదివారం కోడికూర వండినప్పుడు మాత్రం అంకె ఒక్కసారి లేచి, సోమవారానికి మళ్లీ పడిపోతుంది. ఈ కంచంతో వారానికి అయిదు రోజులు బరువులెత్తే కుర్రాడికి ఫలితం కనిపించదు. కనిపించకపోయేసరికి తప్పు కంచంలో ఉందని తోచదు, డబ్బా లేకపోవడం వల్లే అనుకుంటాడు.

మన శరీరాల తీరు కూడా ఈ లోటుకి తోడవుతోంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది. పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకి తగ్గ బరువు చెప్పే సూచీ ఇద్దరికీ ఒక్కటే, 22.3. పరీక్ష చేస్తే ఇంగ్లండ్ వైద్యుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన వైద్యుడి ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు, కండ తక్కువ. సింగపూర్ ప్రభుత్వం 2016లో మధుమేహం మీద యుద్ధం ప్రకటించినప్పుడు ఇక్కడి భారతీయ సంతతి వారిలో ఆ జబ్బు ఎక్కువన్న సంగతీ చర్చకొచ్చింది. మనవాళ్లకి కండ పెంచుకోవడం అద్దం ముందు నిలబడే సరదా మాత్రమే కాదు. కాబట్టి జిమ్‌కి వెళ్లే ప్రతి తెలుగువాడినీ మెచ్చుకోవాల్సిందే. షేకరు చేతిలో ఉందని వెక్కిరించడం ఎవరికీ మేలు చేయదు.

సింగపూర్ ఆరోగ్య ప్రోత్సాహక మండలి 2014 నుంచి ‘మై హెల్దీ ప్లేట్’ అని ఒక కంచం బొమ్మ ప్రచారం చేస్తోంది. సగం కూరగాయలు, పండ్లు. పావు భాగం పొట్టుతీయని ధాన్యం. మిగిలిన పావు మాంసం, చేప, గుడ్డు, పప్పు, సోయా వంటివి. మన కంచాన్ని దాని పక్కన పెడితే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మనకి అన్నం పావు కాదు, ముప్పావు.

కోపీటియామ్ దగ్గరే పరిష్కారం

సింగపూర్ తెలుగువాళ్లకి ఉన్న అదృష్టం ఏమిటంటే ఆ లోటు పూడ్చే తిండి లిఫ్టు దిగి కోపీటియామ్ అనే కాఫీ హోటలుకి వెళితే దొరుకుతుంది. యునెస్కో 2020 డిసెంబరులో గుర్తించిన హాకర్ల, అంటే చిన్న తిండి దుకాణాల, సంస్కృతి పుణ్యాన అది వండి, వేడివేడిగా, అందుబాటు ధరకే చేతికొస్తుంది. కానీ మనవాళ్లు చాలామంది ఆ దుకాణాల ముందు నుంచి నడిచి వెళ్లిపోతారు. అక్కడ ఏముందో తెలియక కొందరు, మాంసం కలుస్తుందన్న అనుమానంతో కొందరు.

తౌ క్వా సంగతే తీసుకుందాం. గట్టిగా నొక్కిన సోయా ముక్క, మన పనీర్‌లా ఉంటుంది. వంద గ్రాములకి పన్నెండు నుంచి పదిహేను గ్రాముల ప్రొటీన్. పనీర్‌లో ఉండేంత కొవ్వు ఉండదు, ధర దానికంటే బాగా తక్కువ. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి వేపుడు చేస్తే పిల్లలు అడిగి మరీ తింటారు. ఇండోనేసియా నుంచి మలయా వంటలోకి వచ్చిన టెంపే ఇంకా బలమైనది. సోయా గింజల్ని పులియబెట్టి అచ్చుగా కట్టింది, వంద గ్రాములకి సుమారు పంతొమ్మిది. దాన్ని మన పులుసులో వేసి చూసినవాళ్లు మళ్లీ మీల్‌మేకర్ వైపు వెళ్లరనిపిస్తుంది. మాంసాహారులకైతే ముక్కల చేపల సూపు, యోంగ్ తౌ ఫు అంగట్లో ఏరుకున్న గుడ్డు, చేప, సోయా ముక్కలు, ఎకానమీ రైస్ దగ్గర అన్నం సగం చేయించుకుని రెండు రకాల మాంసం కూర. కాయా టోస్టుతో పాటు వచ్చే సగం ఉడికిన రెండు గుడ్లే పన్నెండు గ్రాములు. టోస్టులోని పంచదార జామ్ తగ్గించుకుంటే అది మంచి ఉపాహారం.

గుడ్డు సొన గురించి ఇక్కడో మాట. జిమ్‌లో పచ్చసొన పారేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 2017లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బరువులెత్తిన యువకులకు ఒకసారి పూర్తి గుడ్లు, ఇంకోసారి తెల్లసొన మాత్రమే, రెండింటిలోనూ 18 గ్రాముల ప్రొటీన్ ఉండేలా పెట్టి చూశారు. కండరంలో కొత్త ప్రొటీన్ తయారీ పూర్తి గుడ్లు తిన్నప్పుడే ఎక్కువగా జరిగింది. తిండిలో ప్రొటీన్ ఒంటరిగా రాదు. దానితో పాటు వచ్చే కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు కూడా ఏదో పని చేస్తుంటాయి.

డెబ్బై కిలోల మనిషి రోజు ఎలా గడవచ్చో ఒక్కసారి లెక్కేద్దాం. పొద్దున అరవై గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లు, రెండు గుడ్లు: 26. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో వంద గ్రాముల కోడిమాంసం, ఒక తౌ క్వా ముక్క, కాస్త అన్నం: 45 దాకా. సాయంత్రం గ్లాసుడు పాలు, గుప్పెడు వేరుసెనగలు: 16. రాత్రి రెండు చపాతీలు, పప్పు, వంద గ్రాముల చేప, పెరుగు: 40. మొత్తం 127, కావలసింది 112. శాకాహారి అయితే గుడ్లకి బదులు పాలు, కోడికి బదులు ఇంకో ముక్క తౌ క్వా, చేపకి బదులు టెంపే, సెనగలు పెట్టుకుని 105, 110 చేరుకోవచ్చు. కార్తీకమాసం నెలంతా గుడ్డు ముట్టని ఇళ్లలో కూడా ఈ దారి పనిచేస్తుంది. అయితే శాకాహారికి ప్రణాళిక కావాలి. ఏ పూటకాపూట దొరికింది తింటే అంకె అందదు.

ధర మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పేరున్న వే ప్రొటీన్ ఐదు పౌన్ల డబ్బా సింగపూర్‌లో వంద డాలర్లకు పైనే పలుకుతుంది. అందులో డెబ్బై పైచిలుకు స్కూపులు, ఒక్కోదానిలో 24 గ్రాముల ప్రొటీన్. అంటే స్కూపు డాలరున్నర అటూఇటూ. నాలుగు గుడ్లకైనా డాలరు అవుతుంది. కోడిమాంసానికీ దాదాపు అంతే. కనుక పొడి ఖరీదైన మోసం అనడం సరికాదు. అది చీజ్ తయారీలో మిగిలే తేటనీళ్ల నుంచి తీసిన పాల ప్రొటీన్, తొందరగా అరుగుతుంది. ఆఫీసులో మధ్యాహ్నం నాలుగింటికి వండుకునే వీలు లేనప్పుడు, ప్రయాణంలో ఉన్నప్పుడు ఒక స్కూపు నీళ్లలో కలుపుకోవడం తప్పేమీ కాదు. తప్పెక్కడంటే భోజనం మానేసి మూడు స్కూపులు తాగడంలో. పీచుపదార్థం, ఇనుము, కూరగాయల్లో ఉండే సవాలక్ష పదార్థాలు ఆ డబ్బాలో లేవు.

అదే వంద డాలర్లు వేరే చేతిలో వేరే బరువు తూగుతాయి. నెలకి వెయ్యి డాలర్ల లోపు జీతంతో డార్మిటరీల్లో ఉండే నిర్మాణ కార్మికులు చాలామంది. పగలంతా ఎండలో ఇనుము మోసి, సాయంత్రం డార్మిటరీ జిమ్‌లో మళ్లీ ఇనుమెత్తే యువకులు వాళ్లలో ఉన్నారు. కాంట్రాక్టు భోజనంలో వచ్చేది అన్నం ఎక్కువ, కూర తక్కువ. జీతంలో పదో వంతుకు పైగా డబ్బాకి పెట్టే కంటే, వారానికో గుడ్ల అట్ట, వేరుసెనగలు, పాల పొడి, డబ్బా చేపలు కొనుక్కుంటే వాళ్లకి ఎక్కువ మేలు.

వస్తాదు బొమ్మ వెనక వ్యాపారం

బలశాలి బొమ్మ పెట్టి పొడి అమ్మడం నిన్నమొన్నటి కిటుకు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచమంతా పేరు మోగిన బలశాలి యూజెన్ శాండో పాల ప్రొటీన్ పొడి ‘ప్లాస్మోన్’కి ప్రచారం చేశాడు. తర్వాత తన పేరుతోనే కోకో పొడి వ్యాపారం పెట్టి నష్టపోయాడు. 1950లలో అమెరికాలో వెయిట్‌లిఫ్టింగ్ పత్రిక నడిపిన బాబ్ హాఫ్‌మన్ సోయా పిండి, చాక్లెట్ కలిపి ప్రొటీన్ పొడి అమ్మాడు. సింగపూర్ కోపీటియామ్‌లలో ప్రతి బల్ల మీదా కనిపించే మైలో కూడా ఈ కుటుంబానికి చెందినదే. 1934లో ఆస్ట్రేలియాలో థామస్ మేన్ తయారుచేసిన ఆ పానీయానికి పేరు పెట్టింది ప్రాచీన గ్రీకు మల్లుడు మైలో పేరు మీద. బలం బొమ్మ డబ్బా మీద ఉంటుంది, లోపల మాల్ట్, పాలపొడి, కోకో, చక్కెర.

బొమ్మల సంగతి సరే, నిజమైన బలశాలుల సంగతి చూద్దాం. సింగపూర్‌కి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చినవాడు వెయిట్‌లిఫ్టరే. టాన్ హౌ లియాంగ్ 1952లో గేలాంగ్‌లోని గే వరల్డ్ వినోద ప్రాంగణంలో బరువులెత్తే పోటీ చూసి ఆ దారి పట్టాడు. 1960 రోమ్‌లో 380 కిలోలెత్తి రజతం గెలిచాడు. ఆ తర్వాత 48 ఏళ్లపాటు సింగపూర్‌కి మరో ఒలింపిక్ పతకం రాలేదు. అదే కాలంలో మన దండమూడి రాజగోపాలరావు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచి, పన్నెండేళ్ల తర్వాత ‘నర్తనశాల’లో భీముడిగా తెర మీద కనిపించారు. వాళ్లకి ముందే కోడి రామమూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంపి, కార్లని ఆపి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. వే ప్రొటీన్ డబ్బాలు వ్యాయామశాలల్లోకి వచ్చింది వీళ్లందరి తర్వాత చాలా కాలానికి. తిండితో కండ రాదని ఎవరైనా అంటే ఈ చరిత్ర ఒప్పుకోదు.

మందుబిళ్లల దగ్గరే ముప్పు

పొడి గురించి జాతీయ పోషకాహార సంస్థ కాస్త కఠినంగానే మాట్లాడింది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కి వచ్చిన ఆ సంస్థ 2024 మే నెలలో భారతీయుల ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని, ఎక్కువ కాలం అధిక ప్రొటీన్ మూత్రపిండాలకి, ఎముకలకి చేటని హెచ్చరించింది. ఇందులో ఒక సవరణ అవసరం. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాల మీద అధిక ప్రొటీన్ ప్రభావాన్ని చూసిన 28 అధ్యయనాలను 2018లో కూర్చి చూస్తే హాని కనబడలేదు. కానీ మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నవాళ్లకి ఆ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. మధుమేహం ఉన్న మనవాళ్లలో చాలామందికి తమ మూత్రపిండాల పరిస్థితి తెలియదు. సింగపూర్‌లో మూత్రపిండాల వైఫల్యానికి అతిపెద్ద కారణం మధుమేహమే. డబ్బా కొనే ముందు ఒక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష చేయించుకోవడం నలభై దాటినవాళ్లకి తప్పనిసరి అనుకోవాలి.

ఇక నకిలీ డబ్బాల గురించి బావమరిది భయం. 2024లో కేరళ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం భారత్‌లో అమ్ముడవుతున్న 36 ప్రొటీన్ సప్లిమెంట్లని పరీక్షకి పంపింది. దాదాపు డెబ్బై శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ వివరం తప్పు. కొన్నింటిలో బూజు విషాలు, పురుగుమందుల ఆనవాళ్లు దొరికాయి. బావమరిది అనుమానం ఉత్తిది కాదు.

అయితే సింగపూర్ డబ్బా అనగానే కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. ఇక్కడ ప్రొటీన్ పొడిని ఆహారంగా లెక్కేస్తారు, దాని బాధ్యత సింగపూర్ ఫుడ్ ఏజెన్సీది. మాత్రలు, గుళికల రూపంలో వచ్చే సప్లిమెంట్లు హెల్త్ సైన్సెస్ అథారిటీ పరిధిలోకి వస్తాయి. కానీ అంగట్లోకి వచ్చే ముందు ఒక్కో సప్లిమెంట్‌నీ పరీక్షించి ఆ సంస్థ అనుమతి ముద్ర వేయదు. నాణ్యత, భద్రత అమ్మేవాళ్ల బాధ్యత. తప్పు బయటపడితే ప్రభుత్వం చర్య తీసుకుంటుంది. ఈ తేడా జిమ్‌కి వెళ్లే చాలామందికి తెలియదు. ‘సింగపూర్‌లో అమ్ముతున్నారంటే ప్రభుత్వం చూసే ఉంటుంది కదా’ అనుకుంటారు.

అలా అనుకున్నందుకు ఈ ఊరు గట్టి మూల్యం చెల్లించింది. 2002లో స్లిమ్ టెన్ అనే బరువు తగ్గించే మాత్రలు వాడిన టీవీ నటి ఆండ్రియా డి క్రూజ్ కాలేయం విఫలమైంది. ఆమెతో ప్రేమలో ఉన్న నటుడు పియర్ పింగ్ తన కాలేయంలో భాగమిచ్చి ప్రాణం నిలిపాడు. అవే మాత్రలు వాడిన మరో మహిళ చనిపోయింది. మాత్రల్లో డబ్బా మీద చెప్పని మందు కలిసి ఉంది. 2008లో మొదటి అయిదు నెలల్లో మధుమేహం లేని 150 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి సింగపూర్ ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది రక్తంలో దొరికింది మధుమేహపు మందు గ్లిబెన్‌క్లమైడ్. అక్రమంగా అమ్మిన లైంగిక శక్తి మాత్రల్లో అది కలిసింది. ఈ రెండూ జిమ్ సరుకులు కాకపోవచ్చు. కానీ ‘ఫ్యాట్ బర్నర్’ అని, ‘టెస్టో బూస్టర్’ అని జిమ్ లాకర్ల దగ్గర చేతులు మారే గుళికల్లోనూ అదే ముప్పు ఉంటుంది. 2013లో హవాయిలో కాలేయ జబ్బులు గుంపుగా బయటపడినప్పుడు ఆక్సీఎలీట్ ప్రో అనే కొవ్వు కరిగించే సప్లిమెంట్ పేరే తేలింది. ఒకరు చనిపోయారు, కొందరికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది.

క్రీడాకారులకి ముప్పు ఇంకో రూపంలో ఉంటుంది. కొలోన్‌లోని డోపింగ్ ప్రయోగశాల 13 దేశాల నుంచి తెచ్చిన 634 సప్లిమెంట్లని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. దాదాపు పదిహేను శాతం వాటిలో చెప్పకుండా కలిసిన హార్మోన్ పదార్థాలున్నాయి. పోటీల్లో పాల్గొనే పిల్లలుంటే ‘ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్’, ‘ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్’ గుర్తులు లేని సరుకు ముట్టనివ్వకూడదు.

ఊళ్లో సంగతి ఇంకా ఆందోళనకరం. శస్త్రచికిత్సలో పడిపోయిన రక్తపోటు పెంచడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ కుర్రాళ్లకి అమ్ముతున్నవాళ్లని తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. గుండె మీద నేరుగా దెబ్బకొట్టే మందు అది. ఊళ్లో తమ్ముడో, బావమరిదో జిమ్‌లో చేరాడంటే వాడు పొడి తాగుతున్నాడా అని కాదు, సూది తీసుకుంటున్నాడా అని కనుక్కోవాలి.

ఒక్క మినహాయింపు

సప్లిమెంట్ల అల్మరాలో నిజంగా పనిచేసేవి ఏమున్నాయని అడిగితే క్రియాటిన్‌ని పక్కకు తీయాలి. 1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ మాంసంలో కనిపెట్టిన పదార్థం అది. నోటి ద్వారా తీసుకుంటే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని 1992లో రోజర్ హారిస్ బృందం చూపించింది. మన ఒళ్లు రోజుకి గ్రాము దాకా తయారుచేసుకుంటుంది, మాంసం, చేపల నుంచి మరికొంత వస్తుంది. శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువ. కాబట్టి బరువులెత్తే శాకాహారికి రోజుకి మూడు నుంచి అయిదు గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ తేడా చూపిస్తుంది. ఆర్భాటం లేని మామూలు రకమే చాలు. ఒక జాగ్రత్త. దాన్ని వాడేటప్పుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ కనిపించవచ్చు, డాక్టరుకి ముందే చెప్పాలి.

బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడుల మీద డబ్బు దండగ. మూడు అమైనో ఆమ్లాలు మాత్రమే పోసి కండరం కట్టమంటే మిగిలిన ఆరు ఆవశ్యక ఆమ్లాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ వాదనకి ఆధారం లేదని రాబర్ట్ వోల్ఫ్ 2017లో వివరంగా రాశారు. కసరత్తుకు ముందు తాగే ప్రీవర్కవుట్ పొడుల్లో పనిచేసేది ప్రధానంగా కెఫీన్. ఒక్కసారిగా 200 మిల్లీగ్రాములు, రోజుకి 400 దాటవద్దని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2015లో చెప్పింది. కొన్ని పొడుల్లో ఒక్క స్కూపే ఆ మొదటి హద్దుని దాటిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి అది తాగి జిమ్ చేసినవాడికి నిద్ర పట్టదు. కండ పెరగడానికి నిద్ర కావాలి.

పద్దెనిమిదేళ్ల కొడుకు, అరవై దాటిన అమ్మ

సింగపూర్‌లో శాశ్వత నివాసులైన తెలుగు తల్లిదండ్రులకి కొడుకు పద్దెనిమిదో ఏడు దగ్గరపడుతుంటే గుండెదడ. రెండో తరం నివాసి కాబట్టి రెండేళ్ల జాతీయ సేవ తప్పదు. ముందే దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కితే సేవాకాలంలో రెండు నెలలు తగ్గుతుంది కూడా. ఆ తొందరలో చాలా ఇళ్లలోకి మొదటి ప్రొటీన్ డబ్బా వస్తుంది. 2015 నుంచి సైన్యం పెట్టే ఆ పరీక్షలో ఉన్నవి మూడే: పుష్‌అప్‌లు, సిట్‌అప్‌లు, 2.4 కిలోమీటర్ల పరుగు. ఇందులో దండ కొలత ఎవరూ తీయరు. ఆ కుర్రాడికి కావలసింది ఆరు నెలల ముందు నుంచి పరుగు, నేల మీద చేసే కసరత్తు, మూడు పూటలా నిండు భోజనం. ఎదిగే వయసులో ఆకలి దానంతటదే ఉంటుంది, ఎదురుగా గుడ్లు, చేప, పప్పు ఉంటే తింటాడు. పొడి అడిగితే అమ్మానాన్నలు డబ్బా కాదనడం కంటే వారం రోజులు వాడు తిన్నదంతా కాగితం మీద రాసి లెక్కవేయించడం మేలు. ఎక్కడ తగ్గిందో వాడికే తెలుస్తుంది.

అదే ఇంట్లో అసలు లోటుతో ఉన్న మనిషిని మాత్రం ఎవరూ గమనించరు. మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ. పళ్లు సరిగ్గా లేవని రాత్రి పాలన్నమో, ఉప్మానో తిని పడుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ కండ కరిగిపోవడం మామూలే. అందుకే అరవై అయిదు దాటినవాళ్లకి కిలోకి ఒకటి నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లోనే సిఫార్సు చేసింది. యాభై అయిదు కిలోల అమ్మకి అది 55 నుంచి 66 గ్రాములు. పాలన్నంతో అది అందదు. మెత్తగా ఉడికించిన చేప, గుడ్డు పొరటు, ముద్దపప్పు, గట్టి పెరుగు, తౌ హువే అనే మెత్తటి సోయా జున్ను, బ్లాకు కింద ఉన్న వ్యాయామ పరికరాల దగ్గర వారానికి రెండు మూడుసార్లు కాస్త శ్రమ. ఇవన్నీ పెట్టినా అంకె అందకపోతే, మూత్రపిండాల పరీక్ష చూసి డాక్టరు సరేనంటే, కొడుకు కోసం కొన్న ఆ డబ్బాలోంచి ఒక స్కూపు అమ్మ పాలగ్లాసులో కలపవచ్చు. ఇంట్లో ఆ పొడి వల్ల ఎక్కువ లాభపడేది బహుశా ఆవిడే.